దినేశ్ ఎనిమిది పాటలు ఆఖరిదాంక ఎవలిన్నరు

కోరుట్లల దోస్తు శ్రీశైలం మొబైల్ షాపు ముంగట ప్లాస్టిక్ కుర్సీల దినేశ్‌కు నిమిషం సుత కుదురు లేదు. కూసుంటడు, లేస్తడు, బండి తాళంచెవి వేలుకు తిప్పుతడు, మల్ల కూసుంటడు. కండ్లు మాత్రం శ్రీశైలం చేతి మీదికెల్లి కదులుతలేవు. ఎందుకంటె ఆ చెయ్యి స్పీకర్ డబ్బా మీదున్నది.

ఆ డబ్బాల మోగేటియి దినేశ్ పాటలే. ఎనిమిది పాటలు, అన్ని కలిపి ముప్పై ఆరు నిమిషాలు. తనే రాసిండు, తనే కైగట్టిండు, తనే గిటారు వాయించుకుంట పాడిండు. ఎనక డప్పు, డ్రమ్ములు, తాళాలు. పల్లెపాటకు గిటారు, డ్రమ్ములు జోడిస్తె దాన్ని ఫోక్ రాక్ అంటరని ఫోన్ల చూసి తెలుసుకున్నడు. సిరిసిల్లల సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేటోడు ఆల్బమ్ చేసిండంటె ఎవలన్న అడుగుతరు గద ఏం పేరు పెట్టినవని. 'తెగిన పోగు' అని పెట్టిండు.

మొదటి పాట సగం కాంగనే శ్రీశైలం సౌండు తగ్గించిండు. రెండో పాట అందుకునేసరికి ఇంకింత తగ్గించిండు. మూడో పాటల ఒకామె ఫోన్ కవరు కోసం అచ్చింది, ఇగ పాటే బంద్ చేసిండు.

"ఎందుకు బంద్ జేసినవ్‌రా?"

"గిరాకి అచ్చింది గదరా."

"ఆమె పోయింది. పెట్టు మల్ల."

"పెడ్త తియ్యి. బాగున్నయ్‌రా పాటలు. మాటలైతె మస్తున్నయి."

"బాగుంటె ఎందుకు తగ్గిస్తున్నవ్?"

శ్రీశైలం మెడ గోక్కున్నడు. పదో తరగతి దాంక ఇద్దరిది ఒకటే బెంచి, అబద్ధం చెప్పబోతె మొఖంలనే దొరుకుతది. "చాయ్ తాగుదాం పా," అన్నడు.

దినేశ్ చాయ్ తాగలె. పెన్‌డ్రైవ్ గుంజుకోని జేబుల ఏసుకోని బండి స్టార్ట్ చేసిండు.

మూడు నెలల సంది గిదే కథ. సాంచెల షెడ్డుకు సెలవున్న రోజులల్ల బండెక్కుడు, ఏదో ఊరికి పోవుడు, ఎవలకో పాటలు ఇనిపిచ్చుడు, వాళ్ల మొఖాలు చూసుడు. మల్లాపూర్‌ల బావ కారుల పెట్టుకున్నడు, ఒక్క పాట ఇన్నడు, రెండో పాటకు "ఫోనొచ్చింది" అని ఆపిండు. ఫోను మోగనే లేదు. ఎల్లారెడ్డిపేటల చాయ్ హోటలాయన అయితె మొఖం మీదనే అన్నడు, "తమ్మీ, ఇంకేదన్న పెట్టు, గిరాకులు లేచిపోతున్నరు."

యూట్యూబ్‌ల నాలుగు వందల పద్దెనిమిది మంది చూసిండ్రు. అండ్లకెల్లి దినేశ్ సొంతంగ చూసినయే ఓ యాభై ఉంటయి. జనం ఏ నిమిషం దగ్గర ఎల్లిపోయిండ్రో అది గీత గీసి చూపెడ్తది. గీత రెండో నిమిషం దగ్గర బాయిల పడ్డట్టు పడ్డది. కింద ఒకడు రాసిండు, "అన్నా హెడ్‌ఫోన్లల్ల ఇంటె చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నది." దినేశ్ అది చూసి ఖుషి అయిండు. పాట అంత లోపటికి పోయిందని అనుకున్నడు. లవ్ బొమ్మ సుత పెట్టిండు.

ఒక్కరు. షెడ్డు బయట ఒక్క మనిషి ముప్పై ఆరు నిమిషాలు లేవకుంట ఇంటె చాలని ఉన్నది దినేశ్‌కు. లక్ష మంది వద్దు, డీజే పాటల లెక్క పెండ్లి బరాతులల్ల మోగుడు వద్దు. ఒక్కరు.

షెడ్డు బయట అని ఎందుకన్నడంటె, షెడ్డు లోపట కథే వేరు. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, సాంచెలన్ని ఒక్కసారి ఆగినయి. పక్క సాంచె నడిపే ఆనందం తన ఫోన్ తీసి పాటలు పెట్టిండు. పదకొండు మంది పనోళ్లు దారం మూటల మీద, తలుపు గడప మీద కూసోని మొదలుకెల్లి ఆఖరిదాంక ఇన్నరు. నడుమ కరెంటు అచ్చినా ఆనందం, "ఉండుండ్రి, ఇంక రెండు పాటలున్నయి," అన్నడు. సేటు చూస్తె ఏమంటడోనని దినేశ్‌కే బుగులైంది. ఇంటికాడ బాపు రాజయ్య సుత ఇన్నడు. ముప్పై ఏండ్లు సాంచెల మీద పనిచేసి కూసున్న మనిషి, కొడుకు పాటకు తువ్వాలతోని కండ్లు తుడుసుకున్నడు.

ఇగ దినేశ్ ఏమనుకున్నడంటె, సాంచెల పాట బయటోళ్లకు ఆనదు, వాళ్లకు మనమంటె లెక్కలేదు అని. ఆ మాట మనసుల పడ్డంక మనిషికి తిండి సైసలేదు. సాంచె మీద దారం సుట్టిన కండె మార్చుకుంట సుత తనలో తనే ఎవలతోనో కొట్లాడుతున్నట్టు పెదవులు కదిలిచ్చుడు.

ఆ కోపం తీస్కపోయి ఒకనాడు పెండ్లాం మీద పెట్టిండు. కల్యాణి వాకిట్ల చాట ముంగటేసుకోని బీడీలు చేస్తుంది. దినేశ్ పాటలు పెట్టిండు. రెండో పాటకు ఆమె కొంగు నెత్తికి బిగ్గ కట్టుకున్నది.

"జెర ఆపుతవా, నెత్తి నొస్తుంది."

"డీజే పాటలైతె నొయ్యది గద."

"అవి సుత నొస్తయి. గని ఇది వేరే తీర్గ. పచ్చి చింతకాయ కొరికినట్టు పండ్లు జిల్లుమంటున్నయి."

"మొదటి సంది నీకు నా పాటలంటె మంట."

కల్యాణి చేతిల ఆకు చాటల పడేసింది. "మంటయితె నీ పాటల నోటుబుక్కుకు అట్ట ఎవలేసిండ్రు? ఎనిమిది పాటలు నాకు నోటికొస్తయి. నువ్వు తానం చేసుకుంట పాడితె బాగుంటయి, అన్నం తినుకుంట పాడితె బాగుంటయి. గా డబ్బాలకెల్లి అస్తెనే ఇనబుద్ధి కాదు. ఎందుకో నాకేం తెలుసు."

దినేశ్ పాట ఆపిండు. నోటితోని పాడితె బాగున్నది, డబ్బాల బాగలేదు. అంటె తప్పు పాటల లేదు, రికార్డింగుల ఉన్నది. రికార్డు చేసిన జగిత్యాల మహిపాల్ తన పాటలు ఆగంబట్టించిండు.

ఇగ ఆదివారం దాంక ఎట్ల ఆగిండో ఆయనకే ఎర్క. పొద్దుగాలనే బండి తీసిండు. కల్యాణి ఎనక ఎక్కి కూసున్నది. "నువ్వెందుకే?" అంటె, "నువ్వు పోయి అక్కడ లొల్లి పెట్టుకుంటవు," అన్నది.

మహిపాల్ స్టూడియో జిరాక్సు షాపు మీద, ఒకటే అర్ర. సప్పుడు బయటికి పోకుంట గోడలకు గుడ్ల అట్టలు అతికిచ్చిండు. మహిపాల్ వాళ్ల నాయిన తాళ్లెక్కి కల్లు గీసినోడు. మహిపాల్ పెండ్లి పాటలు, లీడర్ల పాటలు రికార్డు చేసుకుంట బతుకుతున్నడు. నిమ్మళమైన మనిషి.

"అన్నా, నా పాటలను ఏం జేసినవ్?" దినేశ్ చెప్పులు ఇడువకుంటనే అడిగిండు.

"ఏం జేసిన తమ్మీ?"

"ఎవ్వలు ఇంటలేరు. చెవులు మూసుకుంటున్నరు."

మహిపాల్ కంప్యూటర్ దిక్కు తిరిగి కూసున్నడు. "నేను మూడుసార్లు చెప్పిన నీకు, సన్న సప్పుళ్లు ఎక్కువైతున్నయి, ట్రెబుల్ తగ్గిద్దామని. నువ్వే ఇనలె. తాళాలు ఇనవడ్తలేవు, పెంచు అన్నవు. పట్టగొలుసులు ఇనవడ్తలేవు, పెంచు, ఇంక పెంచు అన్నవు. పాట నీది, పెంచిన."

"ఇనవడకపోతెనే గదనే పెంచుమన్న."

"నాకు ఇనవడ్డయి."

ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. కల్యాణి మాత్రం దినేశ్ చెవి దిక్కు చూసింది.

మహిపాల్ ఆఖరి పాట తీసిండు. ఆ పాట ముచ్చట చెప్పాలె. దినేశ్ చిన్నగున్నప్పుడు బాపు భీవండిల పనికి పోతె, అవ్వ, అంటె అమ్మ, పోశవ్వ బీడీల కంపెనీకెల్లి పొద్దుమూకినంక అచ్చేది. తలుపు కాడ కూసోని ఆమె కాళ్ల పట్టగొలుసుల సప్పుడు కోసం చెవి పెట్టేటోడు. దాని మీద కట్టిన పాట. పాట నడుమ గిటారు ఆగుతది, డప్పు ఆగుతది, పది సెకండ్లు ఒట్టి పట్టగొలుసులే. అవ్వ పాత పట్టగొలుసులే తెచ్చి మైకు కాడ ఊపి రికార్డు చేసిండ్రు.

"ఇద్దరు చేతులు లేపుండ్రి," అన్నడు మహిపాల్. "పట్టగొలుసులొక్కటే పెడ్త. జెర జెర తగ్గిస్త. ఇనవడుడు ఆగినంక చెయ్యి దించుండ్రి."

సప్పుడు మొదలైంది. కొద్దిసేపటికి దినేశ్ చెయ్యి దించిండు. పక్కకు చూస్తె కల్యాణి చెయ్యి లేపే ఉన్నది.

"ఉత్తగ లేపకు."

"ఉత్తగ కాదు. అస్తుంది ఇంక."

మహిపాల్ ఇంకింత తగ్గించిండు. "ఇప్పుడమ్మా?"

"అస్తుందన్నా."

ఇంకింత తగ్గించిండు. ఆమె చెయ్యి దిగలె. దినేశ్ మెడ ముంగటికి పెట్టి, ఊపిరి ఆపి, స్పీకర్ దగ్గరికి జరిగి ఇన్నడు. అర్రల ఫ్యాను సప్పుడు తప్ప ఏం లేదు. కల్యాణి అటు చూడకుంట గోడకున్న గుడ్ల అట్టల దిక్కు చూసుకుంట ఇంటనే ఉన్నది. చానసేపటికి నిమ్మళంగ చెయ్యి దించింది.

"ఎన్నేండ్లాయె సాంచెల మీద?" మహిపాల్ అడిగిండు.

"పద్దెనిమిది."

"చెవులల్ల దూది గీది పెట్టుకోరా?"

"ఎట్ల పెట్టుకుంటమే. సాంచె సప్పుడు మారితెనే గద పోగు తెగిందని తెలిసేది."

ఆ మాట అనంగనే దినేశ్‌కు షెడ్డు యాదికచ్చింది. ఆనందం, గడప మీద కూసున్న పదిమంది, కండ్లు తుడుసుకున్న బాపు. అందరివి సాంచెల సప్పుడుకు అరిగిన ఒకటే తీరు చెవులు. తను తన చెవుల కొలత పెట్టి పాట కుట్టిండు, అది వాళ్లకే సరిపోయింది. శ్రీశైలంకు, చాయ్ హోటలాయనకు, పెండ్లాంకు చెవులు మంచిగున్నయి, గంతే.

"మల్ల చేద్దాం," అన్నడు మహిపాల్. "అచ్చే ఆదివారం ఖాళీనే. మీ ఇంటామె చెవులతోని చేద్దాం."

దినేశ్ మెట్లు దిగి బండి తీసిండు. తొవ్వల రెండుసార్లు ఊకెనే ఆపిండు. ఒకసారి దిగి మోరీ గోడ మీద కూసున్నడు, మల్ల లేచిండు.

"నాకు ఇనవడకుంట చేస్తె అది నా పాట ఎట్లయితది?" అన్నడు రోడ్డు దిక్కు చూసుకుంట.

"నువ్వు నేసిన చీరె నువ్వు కట్టుకుంటవా?" అన్నది కల్యాణి.

"చీరె వేరు."

"ఏం వేరు?"

దినేశ్ బండి స్టార్ట్ చేసిండు. వేములవాడ దాటినంక అడిగిండు, "మరి షెడ్డోళ్లు?"

"వాళ్ల ఫోన్లల్ల పాతది ఉండనే ఉన్నది. ఎవలు గుంజుకుంటరు?"

ఆ వారం దినేశ్ షెడ్డుల మనిషి లెక్క లేడు. ఒకసారి పోగు తెగింది చూడలె, మూరెడు బట్ట ఖరాబైంది. ఆనందం చెవికాడికచ్చి, "ఏందిరా?" అని ఒర్రిండు. "ఏం లేదు," అని ఇంక గట్టిగ ఒర్రిండు దినేశ్. అక్కడ ముచ్చట్లన్ని గట్లనే నడుస్తయి. ఇంతకుముందు ఎన్నడు దాని గురించి సోయి లేదు.

ఆదివారం మల్ల జగిత్యాల. కల్యాణి మహిపాల్ పక్కన కూసున్నది. మొదట్ల సిగ్గుపడ్డది, నాకేం తెలుసన్నా అన్నది. రెండో పాట కాడికి అచ్చేసరికి, "తాళాలు తగ్గించు. ఇంక. ఆ, చాలు," అని మేస్త్రీ లెక్క చెప్పవట్టింది. ఆమె తగ్గించుమన్నప్పుడల్ల దినేశ్‌కు పాటలకెల్లి ఏదో ఒకటి మాయమైతున్నది. తాళాలు పోయినయి. మాటలల్ల 'స' అనే కాడ ఉండే పదును పోయింది. ఆగలేక మెట్ల మీదికి పోయిండు, జిరాక్సు షాపు కాడ నిలవడ్డడు, మల్ల ఎక్కి అచ్చిండు. "గంత తగ్గిస్తె ఎట్లనే?" అన్నడు. కల్యాణి వేలు పెదవుల మీద పెట్టుకోని గమ్మునుండుమన్నది.

పొద్దు వాలేసరికి పని అయింది. మహిపాల్ మొదటికెల్లి పెట్టిండు. ముప్పై ఆరు నిమిషాలు. దినేశ్ తలుపుకు ఒరిగి నిలవడ్డడు. పాట ఇంటలేడు, ఆమెను చూస్తున్నడు. మొదటి పాట, రెండో పాట. ఆమె కొంగు నెత్తికి కట్టలె. నాలుగో పాటల "పోగు తెగితె ముడేస్తి, మాట తెగితె ఏం జేద్దు" అనే కాడ ఆమె పెదవులు పాటతోని కదిలినయి. ఐదు, ఆరు, ఏడు. మహిపాల్ నీళ్లు ఇయ్యబోతె చేతితోనే వద్దన్నది.

ఆఖరి పాట అచ్చింది. గిటారు ఆగింది. డప్పు ఆగింది. ఇప్పుడు పట్టగొలుసులు. దినేశ్‌కు ఏం లేదు. ఫ్యాను సప్పుడు కూడ లేదు, మహిపాల్ దాన్ని ముందే బంద్ చేసిండు. పది సెకండ్లు తన అవ్వ తన పాటలకెల్లి నడిచిపోతుంటె తనకు తెలుస్తలేదు. కల్యాణి మాత్రం తల కొద్దిగ పక్కకు వంచి, తలుపు దిక్కు, అంటె తన దిక్కే తిరిగి చూసింది. తనను కాదు చూసేది. ఎవలో అస్తుంటె చూసినట్టు చూసింది.

గిటారు మల్ల అందుకున్నది. పాట అయిపోయింది.

"ఉంచాల్నా, ఇంకేమన్న మార్చాల్నా?" మహిపాల్ దినేశ్‌ను అడిగిండు.

దినేశ్ కల్యాణిని అడిగిండు. "ఎట్లున్నయి పట్టగొలుసులు?"

"మంచిగున్నయి."

"మంచిగంటె ఎట్ల? చెప్పు."

"దూరంకెల్లి మొదలైనయి. పక్కింటి వాకిట్లకు అచ్చినట్టయింది. ఇగ మన గడప కాడ ఆగినట్టు ఆగినయి."

దినేశ్ మెట్ల దిక్కు రెండడుగులేసిండు, ఎనకకు అచ్చిండు. కుర్సీ గుంజుకోని ఆమె ముంగట కూసున్నడు.

"ఉంచన్నా. గట్లనే ఉంచు," అన్నడు మహిపాల్‌తోని. తరువాత కల్యాణి దిక్కు వంగి, "మల్లొకసారి చెప్పు. మొదలు ఎక్కడికెల్లి అచ్చినయన్నవు?" అని అడిగిండు.