గండికోట ఫోటోలో లావుపాటి మనిషి

ఈ ఉదయం పాత ఇత్తడి లెన్సును గుడ్డతో తుడుస్తుంటే ఆ ఇత్తడి వాసన వేళ్లకు అంటుకుంది. ఆ వాసన వస్తే చాలు, హుసేన్ సాబ్ నవ్వు వినిపిస్తుంది. కర్నూలులో ఆయన స్టూడియో గురించి, ఆయన పెద్ద పెట్టె కెమెరా గురించి ఎందరో మాట్లాడారు. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన నన్ను మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడగకపోతే పోనీ, నేనే చెబుతాను. ఆయన పనిలో నాకూ చోటుంది.

మా ఇద్దరికీ తగవు ఎప్పుడూ లెన్సుల మీదే. రెండూ పాతవే, రెండూ వైడ్ యాంగిల్ లెన్సులే. ఆయనది నిమ్మకాయంత ఇత్తడిది. నేను హైదరాబాదులో వెతికి కొన్నది చెంబంత ఉండేది. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక అద్దంలో చూస్తే నా లెన్సులో బొమ్మ పట్టపగలులా ఉండేది. ఆయన దాంట్లో ఎప్పుడూ మబ్బు కమ్మిన సాయంత్రమే.

“దీంట్లో మీకేం కనపడతాండాది సాబ్?” అనేవాణ్ని.

“శానా కనపడతాండాదప్పా ఓబులేసూ. నీకే ఓపిక లేదు,” అనేవారు.

పెళ్లిళ్లలో గ్రూపు ఫోటోకు ఆ ఇత్తడిదే బిగించేవారు. అంత వెడల్పు చూసే లెన్సు అంచున నిలబడ్డవాళ్లను అడ్డంగా సాగదీస్తుంది. అందుకని సాబ్ వరసలు మార్చేవారు. లావుపాటివాళ్లు నడుమ, బక్కవాళ్లు చివర. ఒకసారి పెళ్లికొడుకు మేనమామ చివర నిలబడి కదలనన్నాడు. “మామా, ఈడ నిలబడితే నువ్వొక్కడివే ఇద్దరి మాదిరి పడతావు. భోజనాలకాడ నీకు రెండు విస్తర్లు ఏస్తారు,” అన్నారు సాబ్. పందిరంతా నవ్వింది. మేనమామ కూడా నవ్వుతూ నడుమకొచ్చాడు.

ఏ లెన్సు గొప్పదో తేల్చుకోవడానికి ఇద్దరం గండికోట పోయాము. లోయ అంచున కెమెరా నిలిపి, మొదట నా లెన్సు బిగించాము. ఎదురు కొండ, కింద పెన్నా రెండూ పడాలంటే లెన్సు బిగించిన పలకను కిందికి జరపాలి. జరపగానే నా దాంట్లో మూలలు నల్లబడ్డాయి. ఆయనది పెట్టి అంతే జరిపితే కొండా ఏరూ మూలల దాకా శుభ్రంగా వచ్చాయి. కానీ ఆ మసకలో ఫోకస్ కుదరలేదు.

“గడ్డం గీసుకునే అద్దం ఉండాది సంచిలో. అది తీసుకొని ఆ బండ మీద నిలబడి, ఎండ నా మీదికి కొట్టప్పా,” అన్నారు. పోయి నిలబడ్డాను. అద్దం మెరుపును చూసి ఆయన ఫోకస్ సరిచేసుకున్నారు.

“అయిందా సాబ్? వచ్చేదా?”

“ఉండప్పా, కదలొద్దు!”

నేనక్కడ ఉండగానే ఫోటో తీసేశారు.

ప్రింటులో లోయ అద్భుతంగా వచ్చింది. అంచున నేను గోనెసంచిలా ఉన్నాను. నా అంత బక్కవాడు స్టూడియోలో లేడు! ఆయన దాన్ని పటం కట్టించి కౌంటరు పైన తగిలించారు. వచ్చినవాళ్లందరూ “ఆ లావుపాటాయన ఎవరు?” అని అడగడం, సాబ్ నన్ను చూపించడం, వాళ్లు పడీపడీ నవ్వడం. తీసేయమని ఏళ్ల తరబడి పోట్లాడాను.

“బక్కోడివి గాబట్టే చివర నిలబెట్టినా. నువ్వు లేకుంటే ఆ ఫోటో యాడుండాది?” అనేవారు. ఆ మాట విన్నాక నాకు కోపం నిలిచేది కాదు. మరుసటి రోజు మళ్లీ మొదలుపెట్టేవాణ్ని, ఆ మాట మళ్లీ వినాలని.

సాబ్ పోయారు. ఇత్తడి లెన్సు నాకిచ్చి పోయారు. నేను ఇప్పటికీ దానితోనే తీస్తాను, బక్కవాళ్లను చివర నిలబెడతాను. మొన్న కర్నూలులో పాత ఫోటోల ప్రదర్శనలో ఆ గండికోట పటం పెట్టారు. కొత్త ఫ్రేములో పట్టలేదని కాబోలు, అంచు కోసేశారు. నేను లేను. అన్నేళ్లు తీసేయమన్నవాణ్ని, తీసేస్తే ఇంత మండుతుందని అనుకోలేదు. నవ్వూ వచ్చింది. కానీ అయ్యా, ఆ లెన్సు గొప్పతనమంతా అంచుల్లోనే ఉంది. నెగటివ్ నా దగ్గరే ఉంది, పూర్తి ప్రింటు నేనే చేసిస్తాను. నిర్వాహకులను అడిగితే “చూద్దాం” అన్నారు. నిర్వాహకులారా, చూద్దాం కాదు. ఆ లావుపాటి మనిషిని మళ్లీ ఎప్పుడు నిలబెడతారు? జవాబు చెప్పండి.