సముద్రపు గాలికి ఏడ్చిన వ్యాను

కరెంటు పోగానే మా ఇంట్లో ఇన్వర్టరు టక్కుమంటుంది. ఆ వెంటనే సన్నగా మూలుగు మొదలుపెడుతుంది. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం చేతిలో పని ఆపి వింటాను. ఎనభై దాటినదానికి ఆ పెట్టెను చూసి ఉలికిపాటేమిటని మా కోడలు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. ఆ మూలుగు వినపడితే చాలు, చెంగయ్యన్న పానా చేత్తో పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడినట్టే ఉంటుంది.

అరవైలలో మాట. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నెల్లూరులో ఒక ధర్మాసుపత్రి వాళ్లు ఊరూరా తిప్పే వైద్యపు వ్యానులో నర్సుని. చెంగయ్యన్న డ్రైవరు, మెకానిక్కు కూడా ఆయనే. ఆయన భార్య మాకు ఆయా. నెలలో ఇరవై రోజులు ఆ వ్యానే మా ఇల్లు, అందులోనే వంట, అందులోనే పడక. మెట్టు కింద బ్యాటరీలు, వాటి పక్కన కన్వర్టరు అనే ఇనుప యంత్రం ఉండేవి. బ్యాటరీ కరెంటుతో అది తిరిగితేనే కాన్పుల దీపం వెలిగేది. ఇప్పటి ఇన్వర్టరు చేసే పనే అది మోటారులా తిరుగుతూ, మూలుగుతూ చేసేది. దాన్ని నడిపే మీట మెట్టు పక్కనే ఒక చిన్న రేకు పెట్టెలో ఉండేది.

చెంగయ్యన్న పులికాట్ ఒడ్డున జాలర్ల ఇంట పుట్టి, మద్రాసులో కరెంటు పని నేర్చుకున్న మనిషి. బక్కపలచగా ఉండేవాడు, మాట పొదుపు. ఒకసారి సంగం అనే ఊళ్లో దీపం వెలగకపోతే, బ్యాటరీ చచ్చిపోయిందని నేను తీర్పు చెప్పేశాను. ఆయన రెండు తీగలు కట్టిన ఒక చిన్న బల్బు నా చేతికిచ్చాడు. "బ్యాటరీ మీద చాడీలు చెప్పబాకమ్మా, దానికి నోరు లేదు. దీపం కాణ్ణించి ఒక్కో అతుకూ తాకిచ్చుకుంటా రా. ఈ బల్బు యాడ వెలగలేదో ఆడ ఆగు." గంట పట్టింది. దీపం బిగించే హోల్డరులోనే తీగ ఊడి ఉంది. నాకు సిగ్గేసింది. "ముందు చూడాల, తర్వాత తాకాల. అనుకునేది ఆఖర్న" అన్నాడాయన. నర్సింగు బడిలో కూడా అంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు.

సూళ్లూరుపేట దాటాక పులికాట్ అంచున ఒక జాలర్ల కుప్పం, అంటే చిన్న పల్లె, ఉండేది. అక్కడే, కాన్పుకొచ్చిన మునెమ్మ అనే పిల్ల మా వ్యానులో చనిపోయింది. కార్తీకమాసపు వానలు, మధ్యాహ్నమే ఆకాశం మూసుకుపోయింది. బిడ్డ కడుపులోనే పోయింది. తల్లికి రక్తం ఆగడం లేదు. ఆ సమయంలోనే దీపం మూడుసార్లు ఆరిపోయింది. ప్రతిసారీ కింద చెంగయ్యన్న బ్యాటరీ మీద పానాతో కొట్టడం వినపడేది, దీపం వచ్చేది. నాలుగోసారి ఆరేసరికి ఇక దీపంతో పని లేకపోయింది. మునెమ్మ తల్లి పోలమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమెకు నేను చెప్పలేకపోయాను. చెంగయ్యన్నే చెప్పాడు.

తర్వాత మేం ఎప్పుడు వెళ్లినా పోలమ్మ ఇత్తడి పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి తెచ్చేది. పసుపు, సున్నం, అందులో గుప్పెడు రాళ్లుప్పు. వ్యానుకు మూడుసార్లు తిప్పి, కూతురు ప్రాణం పోయిన వాకిలి కాబట్టి మెట్టు మీదే పోసేది. "చల్లంగా ఉండు తల్లీ" అని గొణుక్కునేది. అడ్డు చెప్పడానికి మాకు నోరు రాలేదు.

వ్యాను ఏడవడం ఆ తర్వాత మొదలైంది. తాళం వేసి, పందిరి కింద అన్నాలు తింటున్నాం. పొద్దు కాస్త వాలి, గాలి సముద్రం వైపు తిరిగింది. లోపల ఎవరూ లేని వ్యానులోంచి మూలుగు వచ్చింది. సన్నగా మొదలై, పైకి లేచి, ఊపిరి అందనట్టు తెగిపోయింది. మళ్లీ లేచింది. కిటికీ అద్దం వెనక కాన్పుల దీపం ఎర్రగా కొంచెం వెలిగి ఆరింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వైద్యం కోసం కూర్చున్న ఆడవాళ్లు చప్పుడు లేకుండా లేచి వెళ్లిపోయారు. ఎవరూ అరవలేదు. దానికే నాకు మరీ భయం వేసింది.

చిల్లకూరులో ఏడవలేదు, సంగంలో ఏడవలేదు. ఆ కుప్పానికి వెళితేనే, అదీ సముద్రపు గాలి తిరిగాకే ఏడ్చేది. చెంగయ్యన్న నెల్లూరులో యంత్రాన్ని విప్పి చూస్తే అన్నీ సవ్యంగానే ఉండేవి. నేను చదువుకున్నదాన్ని, దయ్యాలు లేవని పదిమందికి చెప్పేదాన్ని. అయినా ఆ మెట్టు ఎక్కేటప్పుడు మనసులో మునెమ్మను క్షమించమని అడిగేదాన్ని.

మూడోసారి వెళ్లినప్పుడు పోలమ్మ చిన్నకూతురు ధనమ్మకు తొమ్మిదో నెల. కాళ్లూ ముఖమూ వాచాయి, తలపోటు, కళ్ల ముందు చీకట్లు. వెంటనే నెల్లూరు చేర్చకపోతే తల్లీ బిడ్డా దక్కరని నాకు తెలిసిపోయింది. మా వ్యాను తప్ప వేరే దారి లేదు. అప్పటికే అది మూలుగుతోంది.

పోలమ్మ ధనమ్మ చెయ్యి వదల్లేదు. "అక్క ఏడస్తా ఉండే బండ్లోకి చెల్లెల్ని ఎక్కియ్యమంటావా సిస్టరమ్మా? దీన్ని గూడా పిలస్తా ఉండాది."

చెంగయ్యన్న మెట్టు ముందు బోర్లా పడుకున్నాడు. ఏడుస్తున్న యంత్రం పక్కన చెవి పెట్టి, బల్బు తీగలతో ఒక్కో అతుకూ తాకించుకుంటూ వచ్చాడు. చివరికి, అంతవరకూ విప్పని మీట పెట్టె మూత విప్పాడు. లోపల ఎర్రనీళ్ల మరకతో ఉప్పు పేరుకుని, చెమ్మగా మెరుస్తోంది. ఎండకు ఎండిన ఉప్పు సముద్రపు గాలికి తడిసి, మీట నొక్కకుండానే ఈ తీగ కరెంటు ఆ తీగకు అందిస్తోంది. పాత గుడ్డతో తుడిచాడు. మూలుగు ఆగిపోయింది.

"పోలమ్మా, నీ పళ్లెం తీసుకురా. నువ్వే ఈ పెట్టెలో నాలుగు చుక్కలు పొయ్యి" అన్నాడు.

ఆమె పోసింది. యంత్రం ఏడ్చింది. ఆయన తుడిచాడు. ఆగింది. ఊరంతా చూస్తుండగా మరోసారి చేసి చూపించాడు. పోలమ్మ ఇసుకలో కూలబడింది. "అయితే ఇన్నాళ్లూ ఏడిసింది నా బిడ్డ కాదా?" అంది. ఆ గొంతులో ఊరట లేదు. రెండోసారి కూతుర్ని పోగొట్టుకున్నట్టు అడిగింది.

అక్కడితో ఆగితే చాలు, మా పని అయిపోయినట్టే. కానీ చెంగయ్యన్న అప్పటికే బ్యాటరీకి తీగను పట్టి ఉంచే బిగింపు కూడా విప్పాడు. దాని వంక చూసి, లేచి పోలమ్మ ముందు నిలబడ్డాడు.

"ఇంకోటుండాది తల్లీ. ఆ దినం దీపం ఆరిపొయ్యింది బ్యాటరీ పాతదై కాదు. ఈ బిగింపుకు పాచి పట్టింటే, గీకకుండా పైన గ్రీసు పూసినా. తొందర్లో పూసినా. ఉప్పుగాలి ఊళ్లో పుట్టినోణ్ణి, గీకాలని నాకు తెలుసు. అది నా తప్పు."

నేను అడ్డుపడబోయాను. దీపం ఉన్నా ఆ రక్తం ఆగేదో లేదో ఎవరికి తెలుసు? ఆయన నావైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. పోలమ్మ ఆయన్ను తిట్టలేదు. ధనమ్మ భుజం తట్టింది. "ఎక్కవే. దాచిపెట్టేవోడైతే ఎక్కనిచ్చేదాన్ని కాదు."

ధనమ్మ దక్కింది, బిడ్డా దక్కింది. కానీ ఆ దారి పొడుగునా పోలమ్మ వ్యానులో మెట్టు దగ్గర కింద కూర్చుని, చెక్కకు చెవి ఆనించి ఉంది. కన్వర్టరు తీగలు రెండూ చెంగయ్యన్న ముందే పీకేశాడు. అయినా సూళ్లూరుపేట దాటుతుండగా ఆమె, "నాకింకా వినపడతానే ఉండాది" అంది. చెంగయ్యన్న బండి నడుపుతూ, లేదని చెప్పలేదు. నాకేం వినపడిందో నేనూ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో పనిచేశాను. ఒకనాడు నా వార్డులో ఒక బాలింత పోయింది. నేను ఒక్క అరగంట ముందు డాక్టరును పిలిచి ఉండవలసింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. వరండాలో ఆమె తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వెళ్లి ఆ అరగంట సంగతి చెప్పాను. ఆవిడ లేచి నా చెంప మీద కొట్టింది. నేను అక్కడే నిలబడ్డాను.