దేహపరీక్షను పండుగ చేసిన సులోచన మేడం

సులోచన మేడం ఇక లేరన్న వార్త నాకు తరగతి గది గుమ్మంలో అందింది. మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసే నర్సింగ్ కళాశాలలో, రోగి శరీరాన్ని పరీక్షించే పాఠం చెప్పడానికి వెళ్తున్నాను. "అక్క పోయిందమ్మా" అన్నది ఫోన్‌లో ఆమె చెల్లెలు. ఆ పాఠాన్ని నాకు నేర్పిన మహనీయురాలు మేడమే. దుఃఖం ముంచెత్తిన ఆ క్షణంలోనూ నా కళ్లముందు నిలిచింది ఆమె అపారమైన ఉత్సాహమే!

రామన్నపేట రైతు కుటుంబంలో పుట్టి, దవాఖానల్లో ఏళ్లకేళ్లు సేవచేసి, ఆ తర్వాత అధ్యాపకురాలైన విదుషీమణి ఆమె. తెలంగాణ వచ్చిన కొత్తలో మేము ఆమె శిష్యురాళ్లం. చూడటం, తాకడం, తట్టడం, వినడం అని పుస్తకంలో నిర్జీవంగా పడివున్న నాలుగు పద్ధతులు ఆమె నోట ప్రాణం పోసుకునేవి.

ఒక ఉదయం మమ్మల్ని డాబా మీదికి తీసుకుపోయి నీళ్ల డ్రమ్ము ముందు నిలబెట్టారు. "మూత తియ్యకుండ్రి. నీళ్లు యాడిదాక ఉన్నయో తట్టి చెప్పుండ్రి" అన్నారు. ఒక చేతి వేలు డ్రమ్ముకు ఆనించి, దాని మీద రెండో చేతి వేలితో తట్టుకుంటూ కిందికి వచ్చాను. డొల్లగా మోగుతున్న శబ్దం ఒక్కసారిగా మొద్దుబారింది. "ఈడ్నే మేడం!" అని అరిచాను. మూత తీస్తే నీళ్లు సరిగ్గా అక్కడే! అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆమే. "ఊపిరితిత్తి సుట్టు నీరు చేరితె గిదే సప్పుడు బిడ్డా! ఇయ్యాల్టి నుంచి నీ వేలికి చదువొచ్చింది!"

అంత ఆనందమూర్తి, నిర్లక్ష్యాన్ని మాత్రం క్షణం సహించేవారు కాదు. పరీక్షించకుండానే 'అంతా మామూలే' అని రాసినవాళ్లను మళ్లీ రోగి దగ్గరికి పంపేవారు. "సూసి లేదని రాస్తె అది పని. సూడకుంట రాస్తె అబద్ధం" అనేవారు.

అమ్రాబాద్ దిక్కు ఒక పల్లె బడిలో పిల్లల ఆరోగ్య పరీక్షకు వెళ్లాం. బక్కపల్చని ఒక ఆడపిల్ల నా ముందు కూర్చున్నది. "ఉరికితె దమ్మొస్తది అక్కా" అన్నది. ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాను. గుండె చప్పుళ్ల నడుమ, సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నగా ఉస్సుమన్న ధ్వని! మొదటిసారి విన్నాను. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. పక్కనున్న తల్లి కంగారుగా అడిగింది: "ఏమైందమ్మా నా బిడ్డకు?"

మేడం వచ్చి తానూ విన్నారు. తల్లి పక్కన నేల మీదనే కూర్చొని, ఆమె చెయ్యి పట్టుకున్నారు. "గుండెల ఒక సప్పుడు ఇనవడ్డది చెల్లె. అదేందో పెద్ద డాక్టరు సూసి చెప్తరు. జల్ది తెలిసింది, గదే మంచిదైంది. జర ధైర్యంగ ఉండు." తర్వాత నన్ను వరండాలోకి తీసుకుపోయి రెండు భుజాలూ పట్టి ఊపేశారు. "ఎంత సన్నటి సప్పుడే పోరీ! పట్టుకున్నవ్! కాని మన సంబురం గీ వరండల్నే. లోపట తల్లి ఉన్నది."

ఆ పిల్లను హైదరాబాదుకు పంపారు. గుండెలో రంధ్రం ఉందని తేలింది, శస్త్రచికిత్స విజయవంతమైంది. మరుసటి ఏడు మేము వెళ్లేసరికి ఆమె ఖోఖో ఆడుతున్నది! ఆట ముగిసేదాకా మేడం అక్కణ్నుంచి కదలలేదు. తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి దాటేవరకూ అదే ముచ్చట.

చివరికి మేడం గుండే బలహీనపడింది. దవాఖానలో చూడబోయినప్పుడు, అక్కడ శిక్షణలో ఉన్న మా విద్యార్థిని ఒకామె నా వెంట వచ్చింది. మేడం దిండ్లకు ఆనుకొని ఆయాసపడుతున్నారు. ఆ పిల్లను చూడగానే కళ్లు మెరిశాయి. "రా బిడ్డా, నా ఈపు మీద పెట్టి ఇను. ఏం ఇనవడ్తాంది?"

పిల్ల భయంగా నావైపు చూసింది. నేను తలూపాను. ఆమె స్టెతస్కోపు ఆనించి, చోటు మార్చి మార్చి విన్నది.

"చెవికాడ ఎంటికలు వేళ్లతోని రాసుకొని సూడు. నీకు ఇనవడ్డ సప్పుడు గట్లనే ఉన్నదా?"

పిల్ల చెవి దగ్గర వెంట్రుకలు రుద్దుకొని చూసింది. "గట్లనే ఉన్నది మేడం!"

"యాడిదాక?"

పిల్ల వేలు వీపు అడుగునుంచి మెల్లగా పైకి జరిగి, వీపు మధ్యదాకా వచ్చి ఆగింది. ఊపిరితిత్తుల్లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. అయినా ఆ ముఖంలో ఎంత వెలుగు! "సరిగ్గ చెప్పినవ్! బెదరకుంట చెప్పినవ్! గట్లనే రాయి."

పిల్ల కళ్లు తుడుచుకోబోయింది. "ఏడ్సుడు తర్వాత. ముందుగాల సిస్టర్‌కు చెప్పి, నా తలాపు జర ఎత్తు చేయించు" అన్నారు మేడం. పిల్ల పరుగెత్తింది.

తన అంతిమ వ్యాధిని సైతం ఒక శిష్యురాలికి పాఠంగా ప్రసాదించిన గురుమూర్తికి ఏమిచ్చి ఋణం తీర్చుకోగలం? నల్లగొండ, పాలమూరు దవాఖానల్లో ఏ పూట చూసినా ఆమె శిష్యురాలు ఎవరో ఒకరు రోగి ముందు వంగి, చెవియొగ్గి ఉంటారు. అమ్మా, వారందరి పక్షాన మీకు సాష్టాంగ ప్రణామాలు. అనుమానం వచ్చిన వేళ భుజం తట్టి, "మల్లొక్కసారి ఇను బిడ్డా" అనే ఆ గొంతు మాత్రం ఎంత చెవియొగ్గినా మాకిక వినిపించదు.