గోల్ నెట్ల వేలం

ఇది ఓ మహాయుద్ధం కథ. సముద్రం మధ్యలో దీవి, కూలిపోతున్న సైన్యం, దాన్ని నిలబెట్టిన వీరులు. ఇలా మొదలుపెడితే బావుంటుందనుకున్నాను. నిజానికి పోర్ట్‌బ్లెయిర్‌లో ఓ ఫుట్‌బాల్ క్లబ్బు తన గోల్ నెట్లు తనే అమ్ముకున్న సంగతి ఇది. వేలం వేసింది ఆ క్లబ్బు గోల్‌కీపర్. అంటే నేను.

మాది జీతాలిచ్చే క్లబ్బు. అంటే, ఇవ్వాల్సిన క్లబ్బు. మమ్మల్ని పోషిస్తున్న చేపల వ్యాపారి దుకాణం ఎత్తేసి చెన్నై ఓడెక్కేశాక, లీగ్ ఫీజుకి కూడా దిక్కు లేకపోయింది. ఆ వారంలో కట్టకపోతే లీగ్ నుంచి మా పేరు కొట్టేస్తారు.

క్లబ్బు ప్రెసిడెంటు మా పెదనాన్న. తెలుగు చర్చిలో పెద్ద కూడా. డబ్బు పుట్టించడానికి ఆయనకి తెలిసిన దారి ఒకటే, కోత పండగ వేలం. మా చర్చిలో వేలంలో గుమ్మడికాయ కొన్నవాడు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళడు. డబ్బు కట్టి, కాయని మళ్ళీ బల్ల మీదే పెట్టేస్తాడు. ఇంకొకరు పాడతారు. ఊళ్ళో సగంమంది కొన్న కాయ ఎవరింట్లోనూ ఉడకదు.

"ఏటిరా ఆలోచిస్తన్నావు? క్లబ్బు సామానే పెడదాం. కప్పు, బంతులు, నెట్లు. కొన్నోళ్ళు తిరిగిచ్చేస్తారు కదా."

"ఇవ్వకపోతే?"

"నోర్ముయ్. మనోళ్ళకి తెలీదేటి?"

మనోళ్ళకి తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక గ్రౌండులో వేలం పెడితే, కప్పు అమ్ముడుపోయిన ప్రతిసారీ బల్ల మీదకి తిరిగొచ్చింది. నాకు ఊపొచ్చేసింది. "గోల్‌కీపర్ని కూడా పాడండి దీదీ, జీతం అడగడు!" అన్నాను. తరవాత నెట్లు. వెనకనించి జంగ్లీఘాట్ రేవులో ఎండుచేపలమ్మే భయ్యా ఒకడు చెయ్యెత్తాడు. తెలుగువాడు కాదు, చర్చివాడూ కాదు. డబ్బు కట్టి, నెట్లు మడతపెట్టి ఆటోలో వేసుకుని పోయాడు. మేం చప్పట్లు కొట్టాం.

"మంచోడ్రా. ఉతికి తెస్తాడు కాబోలు," అన్నాడు పెదనాన్న.

ఫీజు కట్టేశాం. నెట్లు రాలేదు. మా గ్రౌండులో ఆటంటే నెట్లు మేమే కట్టాలి. జంగ్లీఘాట్ వెళ్ళి చూస్తే, కాకులు వాలకుండా ఎండుచేపల మీద కప్పి ఉన్నాయి. పెదనాన్న గొంతు సవరించుకుని మా ఆచారం హిందీలో వివరించాడు. హిందీలో అది అచ్చం దొంగతనంలా వినిపించింది.

"పైసా నాది, మాల్ మీదా? వాహ్ భయ్యా!"

చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళంతా నవ్వారు. డబ్బు తిరిగిద్దామంటే ఫీజైపోయింది. అప్పుడా భయ్యా మాకు కుర్చీలేసి టీ తెప్పించాడు. తిట్టినా బావుండేది.

"మ్యాచ్ ముందురోజు పట్టుకెళ్ళండి. ఆట అవగానే తెచ్చియ్యాలి. కాకులు ఆగవు."

అలా క్లబ్బు బతికింది. మొదటి మ్యాచ్‌లో ఆ ఎండుచేపల వాసన మధ్య నించున్నాను. "కీపర్ భయ్యా, కూర రెడీయా?" అని అవతలివాళ్ళు అరిచారు. పెదనాన్న ఆటంతా తన చెప్పుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పటికీ ఆడుతున్నాం, అవే నెట్లతో. వాసన పోవాలంటే వాటిని రాత్రంతా సబ్బునీళ్ళలో నానబెట్టాలి. మా డిగ్నాబాద్ పేటలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఆ నీళ్ళు వంటకే చాలవు.