నీళ్లలో నానేసిన మందుచీటీ

అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

నిజాం కాలంలో, బాన్సువాడలో, నా రెండేళ్ల బిడ్డకు జ్వరం వస్తే దవాఖానలో డాక్టరు చీటీ రాసిచ్చారు. ఫకీరు రాసిచ్చిన కాగితాన్ని నీళ్లలో నానేసి తాగించడం మాకు అలవాటు. ఇదీ అంతే అనుకొని ఆ సిరా నీళ్లే రెండు రోజులు తాగించాను. మూడోనాడు బిడ్డ కళ్లు తేలేసింది. ఎత్తుకొని దవాఖానకు పరుగెత్తాను.

"మందేది?" అన్నాడు కాంపౌండరు.

"కాగితం కడిగి తాపిన సారూ."

వరండాలో జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఎంత పని చేసినవక్కా!" అంటూ డాక్టరుతో కొత్త చీటీ రాయించి, మందు కలిపి తాగించాడు. సాయంత్రానికి బిడ్డ కళ్లు తెరిచాక, చీటీ మీది మొదటి గుర్తు, కాలికి గీత కొట్టిన ఇంగ్లీషు ఆర్ అక్షరం, చూపించాడు.

"గిది లాటిన్ మాట, రెసిపే. పట్టుకొనుడు అనే పాత మాట నుంచి పుట్టింది. రెసిపియో అంటే నేను తీసుకుంట, రెసిపిస్ అంటే నువ్వు తీసుకుంటవ్, రెసిపే అంటే తీసుకో. గీ మందులు తీసుకొని కలుపుమని నాకు హుకుం. గీ కాగితం బిడ్డకు తాపేది కాదు."

ఒక్క మాట చదవడం రాక బిడ్డను చంపుకునేదాన్ని.

మరునాడు పొద్దున్నే దవాఖాన గుమ్మంలో నిలబడ్డాను. చీటీని కొంగున ముడేసుకొని ఇంటిదారి పట్టిన ఆడవాళ్లను ఒక్కొక్కరినీ ఆపి, మందులిచ్చే కాంపౌండరు కిటికీ చూపించాను.