అత్తయ్య టికెట్టు మీది అక్షరం

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి రెండు రకాల తెలివి ఉంటుంది. ఒకటి నిజంగా ఉన్నది, రెండోది ఉందనుకునేది. నా విషయంలో ఆ రోజుల్లో రెండోదే ఎక్కువగా పనిచేసేది. విజయవాడలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో నేను సేల్సు కుర్రాణ్ణి. మా ఆఫీసులో ఏ ప్రయాణమైనా ఆఖరి నిమిషంలోనే తేలేది. ఇవాళ సాయంత్రం దాకా ఢిల్లీ మీటింగు ఉందో లేదో తెలియదు, తెల్లారేసరికి గన్నవరంలో విమానం ఎక్కి కూర్చోవాలి. అలా ఎక్కగా ఎక్కగా విమానం కంపెనీవాళ్లు నాకు వెండి రంగు కార్డొకటి పంపించారు. దాని మీద నా పేరు, లోపల బోలెడన్ని మైళ్లు. (మైళ్లంటే మనం తిరిగిన దూరానికి వాళ్లు వేసే మార్కుల్లాంటివి. కొన్ని కూడితే, సాదా టికెట్టు మీద కూడా ముందు భాగంలోని పెద్ద సీటు ఇస్తారు. అప్‌గ్రేడ్ అంటారు దాన్ని.) ఆ కార్డు నా ప్రతిభ చూసి ఇచ్చారనే అనుకున్నాను. పర్సులో డబ్బులకంటే పైన, తెరవగానే ఎదుటివాళ్లకు కనపడేలా పెట్టుకునేవాణ్ణి.

చల్లపల్లిలో మా మేనత్త ఉంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఇన్నేళ్లు చీరలు నేసిన మనిషి. ఆ కూర్చోవడంలోనే కుడి మోకాలు పాడైంది. కాసేపు మడిచి ఉంచితే చాలు, లేవడానికి ఇద్దరు చేయి అందించాలి. ఆ ఏడు ఢిల్లీలో చేనేత బట్టల ప్రదర్శన పెడుతున్నారనీ, నేసినవాళ్లే వచ్చి తమ చీరలు చూపించి అమ్ముకోవచ్చనీ కబురు వచ్చింది. అత్తయ్య నేసిన చీరలు అంతవరకూ ఎవరెవరి చేతుల మీదుగానో ఎక్కడెక్కడికో వెళ్లేవి. కొన్నవాళ్ల మొహం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ మోకాలు ఒప్పుకోవడం లేదు. రైల్లో అంత దూరం తనవల్ల కాదంది. విమానంలో సీట్లు ఇరుకుగా ఉంటాయని పక్కింటివాళ్లెవరో చెప్పారట, అదీ వద్దంది.

సరిగ్గా అక్కడ నేను పర్సు తీశాను. "అత్తయ్యా, ఇదేమిటో తెలుసా? ఇది చూపిస్తే ముందు సీట్లో కూర్చోబెడతారు. సోఫాలా ఉంటుంది. కాళ్లు బార్లా చాపుకోవచ్చు."

"ఊరికేనా?"

"ఊరికేనే. నేను తిరిగిన మైళ్లున్నాయిగా."

అత్తయ్య కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చింది. "అట్టాగైతే వస్తాను. కాలు చాపుకునే చోటుంటేనే సుమా! లేకపోతే నా వల్ల కాదురా చంటీ" అంది. సాయంత్రానికల్లా ఆ వీధిలో మగ్గమున్న ప్రతి ఇంటికీ అత్తయ్య సోఫాలో కూర్చుని ఢిల్లీ వెళుతోందన్న సంగతి తెలిసిపోయింది.

ఇక టికెట్టు కొనాలి. మా ఇంటావంటా ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువైనా ముందు ధర విరగ్గొట్టాలి. అడిగినంత ఇచ్చి కొన్నవాణ్ణి మా ఇళ్లల్లో జాలిగా చూస్తారు. విరగ్గొట్టి కొన్నాక, సంచిలో వేసుకునే ముందు కొసరు అడగాలి. వంకాయలు కొంటే కాస్త కరివేపాకు, పాలు పోయించుకుంటే గిన్నెలో మరో చెంచాడు, చీర కొంటే జాకెట్టు గుడ్డ. బేరం ఎంత గట్టిగా ఆడితే కొసరు అంత హక్కుగా అడుగుతాం. (అమ్మేవాడు కూడా కొసరు అడగనివాణ్ణి చూసి ఏదో తేడాగా ఉందని అనుమానపడతాడు.) ఈ చదువంతా వంటబట్టినవాణ్ణి కాబట్టి, నెలల ముందే కాచుకుని కూర్చుని, విమానం కంపెనీవాళ్లు తగ్గింపు అమ్మకం పెట్టిన రోజున అత్తయ్యకు అందరికంటే చవక టికెట్టు కొట్టేశాను. ఇంత తక్కువకు కొన్నాను, ఇక పైన పెద్ద సీటు కొసరుగా రావడమే మిగిలింది అనుకున్నాను. నా టికెట్టు మాత్రం ఆఫీసువాళ్లు, అదే రోజు ఢిల్లీలో మీటింగు ఉందని, తమ అలవాటు ప్రకారం ఆఖర్లో, ఒళ్లు మండే ధరకు కొన్నారు. వీళ్లకు బేరమాడటం ఎప్పటికి వస్తుందో అని వాళ్ల మీద జాలిపడ్డాను కూడా.

బయలుదేరే రోజు పొద్దున్నే కారులో చల్లపల్లి వెళ్లి అత్తయ్యను ఎక్కించుకున్నాను. వెనక సీటు మొత్తం మీద కాలు చాపుకుని, చీరల మూట మీద చేయి వేసుకుని కూర్చుంది. కూచిపూడి దాటేదాకా దేవుడి పాటలు పాడింది. కంకిపాడు దగ్గర నా ఫోను మోగింది. చూస్తే విమానం కంపెనీ సందేశం. అప్‌గ్రేడ్ ఖాయమైందట!

"అత్తయ్యా, సీటు వచ్చేసింది!" అని అరిచాను. అందులో ఒక్క పేరే ఉందనీ, అది నాదేననీ కౌంటరు దాకా వెళ్లేవరకూ గమనించలేదు.

కౌంటరులో ఉన్న అమ్మాయి మన వైపు పిల్లే. కంప్యూటరు వంక చూసి, "మీకు అప్‌గ్రేడ్ వచ్చిందండి. ఆంటీగారికి రాలేదండి" అంది.

"రాకపోవడమేమిటండీ? నా కార్డు మీద ఇద్దరికీ అడిగాను. మైళ్లు కూడా ఉన్నాయి."

"మైళ్లుంటే సరిపోదండి. టికెట్టు మీద ఇక్కడ ఒక అక్షరం ఉంది చూడండి. ఒకే విమానం, ఒకేలాంటి సీటు అయినా, ఎంత పెట్టి కొన్నారన్నదాన్ని బట్టి ఈ అక్షరం మారుతుంది. మీ అక్షరం మీద మైళ్లు నిండుగా పడతాయి, అప్‌గ్రేడ్ కూడా ఇస్తారు. ఆంటీగారిది తగ్గింపు అమ్మకంలో కొన్నది కదండీ, ఆ అక్షరానికి మైళ్లే పడవు. ఇక అప్‌గ్రేడ్ ఎలా వస్తుందండీ?"

నాకు అప్పుడు బోధపడింది. నా వెండి కార్డు నా ప్రతిభ వల్ల వచ్చింది కాదు, మా ఆఫీసువాళ్ల బద్ధకం వల్ల వచ్చింది. వాళ్లు ఆఖర్లో మండే ధరకు కొన్న ప్రతి టికెట్టు మీదా పెద్ద అక్షరం పడింది. నేను తెలివిగా కొన్న ఒకే ఒక్క టికెట్టు మీద ఎందుకూ పనికిరాని అక్షరం పడింది. అంటే, ఇక్కడ బేరమాడినవాడికి కొసరు లేదు, అడిగినంత ఇచ్చినవాడికే కొసరు! మా బజారు తలకిందులుగా నిలబడి నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.

అత్తయ్య మాత్రం ఇంకా ఆశ వదులుకోలేదు. కౌంటరు మీద మోచేయి ఆనించి, "కొన్నాం కదమ్మా, కాస్త కొసరు వెయ్యవా తల్లీ? మోకాలు మడవలేను, చూడు" అంది.

"నా సీటు ఆవిడకు ఇచ్చేయండి" అన్నాను నేను.

"పేరు మార్చడానికి కుదరదండి."

"అయితే నాకూ వద్దు. ఆవిడ పక్కనే వెయ్యండి."

ఆ మాటకు అత్తయ్యకు కోపం వచ్చింది. "నోర్ముయ్యరా! వచ్చినదాన్ని కాలదన్నుకుంటారా ఎవరైనా? మనింట్లో ఒక్కరన్నా ముందు కూర్చోవాలి. నువ్వెళ్లు, నేనెట్టాగో కూర్చుంటాలే" అంది. కౌంటరు అమ్మాయి అత్తయ్య కాలి వంక ఓసారి చూసి, కంప్యూటరు మీద చాలాసేపు టకటకా కొట్టి, "ఆంటీగారికి చివరి వరుస ఇచ్చానండి" అంది. ముందు సీటని ఊరంతా చాటించి తీసుకొచ్చినవాడికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

విమానంలో నేను సోఫాలాంటి సీట్లో కూర్చున్నాను. వేడి తువాలు ఇచ్చారు. అది మొహం తుడుచుకోవడానికో తినబోయేముందు ఒళ్లో వేసుకోవడానికో తెలియక చేత్తో పట్టుకుని కూర్చున్నాను. నా కాళ్ల ముందు అంత చోటు ఖాళీగా ఉంటే, ఆ ఖాళీ నన్ను వెక్కిరిస్తున్నట్టే ఉంది. వెనక అత్తయ్య కాలు మడుచుకుని పళ్ల బిగువున కూర్చుని ఉంటుంది, ఢిల్లీలో దిగేసరికి నిలబడలేదు, చీరలు ఎవరు చూపిస్తారు, నేనే కదా ఆవిణ్ణి ఇంటి నుంచి కదిలించింది అని ఒకటే గుబులు. బెల్టులు తీయవచ్చని దీపం ఆరగానే లేచి, పరదా తోసుకుని వెనక్కి పరిగెత్తాను. దారిపొడుగునా ఏమని క్షమాపణ చెప్పుకోవాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

చివరి వరుస మొత్తం మీద మరో మనిషి లేడు. అత్తయ్య కిటికీ వైపు వీపు ఆనించి, సీట్ల మధ్య చేతులు పైకి మడిపించి, మూడు సీట్ల మీదా కాలు బార్లా చాపుకుని, మోకాలి కింద రెండు దిండ్లు పెట్టించుకుని, చేతిసంచిలోంచి తీసిన జంతికలు తింటోంది. పక్కన ఎయిర్ హోస్టెస్ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, అత్తయ్య కట్టుకున్న చీర అంచు వేళ్లతో తడిమి చూస్తోంది. అత్తయ్యకు హిందీ రాదు, ఆ పిల్లకు తెలుగు రాదు, మాటలు మాత్రం జోరుగా సాగిపోతున్నాయి.

నన్ను చూసి అత్తయ్య అడిగింది. "ముందు ఎట్టా ఉందిరా?"

"బాగానే ఉందత్తయ్యా."

"ఇట్టా పడుకోవచ్చా?"

"లేదు. కాస్త వెనక్కి వాలుతుందంతే."

"అయ్యో పాపం!" అంది అత్తయ్య, మనస్ఫూర్తిగా. తర్వాత చాపిన కాలు కొంచెం ఇవతలికి జరుపుకుని, చివరి సీటు మీద చేత్తో తట్టి, "ఇట్టా వచ్చెయ్యి. చోటుంది" అంది.

ఢిల్లీ దాకా నేను ఆ మూల మీదే కూర్చుని జంతికలు తిన్నాను. దిగేటప్పుడు అత్తయ్య ఎవరి చేయీ అందుకోకుండా లేచి నిలబడింది. ప్రదర్శన సంగతి వేరే చెప్పాలా? తాను నేసిన చీరను ఒకావిడ అక్కడికక్కడే భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే, అత్తయ్య ఆ చీరను వదిలేసి ఆవిడ మొహాన్నే చూస్తూ నిలబడిపోయింది.

ఇప్పుడు నాకు అక్షరాలన్నీ తెలుసు. ఏది కొంటే మైళ్లు పడతాయో, ఏది కొంటే సీటు మారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కార్డు రంగు కూడా వెండి నుంచి బంగారానికి మారింది. అత్తయ్యకు అసలైన ముందు సీటే తీస్తానంటే, "అదెందుకురా, కాలు చాపనివ్వరు" అంటుంది, నా మీద జాలిగా. మొన్న ఒంటరిగా ఢిల్లీ వెళుతుంటే, అడక్కుండానే అప్‌గ్రేడ్ వచ్చింది. వేడి తువాలుతో దర్జాగా మొహం తుడుచుకున్నాను, కాళ్లు చాపుకున్నాను, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. కాసేపయ్యాక ఎందుకో లేచి, పరదా తొలగించి వెనక్కి చూశాను. విమానం నిండా జనం. చివరి వరుసలో ఎవరో ముగ్గురు కుర్రాళ్లు భుజాలు ఒరుసుకుంటూ కూర్చుని నిద్రపోతున్నారు. "ఏమైనా కావాలా సార్?" అని అడిగింది ఎయిర్ హోస్టెస్. ఏమీ వద్దమ్మా అని నవ్వి, వచ్చి నా సోఫాలో కూర్చున్నాను.