చెంపకు పోటీ వచ్చిన పెట్టె

ఆ రోజుల్లో కాగితం ఎండిందో లేదో చెప్పడానికి మా మిల్లులో ఒకే ఒక సాధనం ఉండేది. అది నా కుడి చెంప. పామర్రు దగ్గర, పాత అట్టపెట్టెలను నానబెట్టి, గుజ్జు చేసి, ఆ గుజ్జును మళ్ళీ గోధుమరంగు కాగితంగా తీసే చిన్న మిల్లు మాది. ధాన్యం కొనేవాళ్ళు గింజ కొరికి తేమ చెబుతారు చూడండి, అలా నేను రోల్ అంచున ముక్క చించి చెంపకు ఆనించుకుని చెప్పేవాణ్ణి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టు, లేకపోతే ఎండినట్టు. నేను తల ఊపితేనే రోల్ లారీ ఎక్కేది. మిల్లులో అందరూ నన్ను ‘చెంపగారు’ అనేవాళ్ళు. అది వెక్కిరింత అని తెలియక, బందరులో మా అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను. (ఆవిడ, ముందు ఆ చెంప కడుక్కుని అన్నానికి రమ్మంది.)

అలాంటి వైభవంలో ఉండగా మా షిఫ్ట్ ఇన్‌చార్జి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ నాదేనని నేను ఖాయం చేసుకుని, దాని కాళ్ళలో ఏది ఊగుతుందో కూడా చూసిపెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మిల్లు యజమాని, మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, కొత్త పెట్టె ఒకటి తెప్పించారు. అది చిన్న పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతూ, నడుస్తున్న కాగితం వెడల్పంతా చూసి, ఎక్కడ ఎంత తేమ ఉందో తెర మీద గీత గీసి చూపించేది. కాగితాన్ని ముట్టుకునేది కూడా కాదు. దాన్ని నడపడానికి కృత్తివెన్ను నుంచి ఒకతను వచ్చాడు. వచ్చీరాగానే అందరినీ బావగారూ అని పిలిచి, రెండో రోజుకల్లా మిల్లు మొత్తానికి తానే బావ అయిపోయాడు.

నాకు ఎంత కడుపు మండిందో చెప్పలేను. ఆ పెట్టెకు కొబ్బరికాయ కొట్టారు, బొట్టు పెట్టారు, నిమ్మకాయ కట్టారు. ఆవిరిలో మూడేళ్ళు ఉడికిన నా చెంపకు ఒక్కరంటే ఒక్కరు పౌడరు కూడా రాయలేదు. పెద్దాయన రోజూ వచ్చి తెర ముందు నిలబడి, బావతో కలిసి టీ తాగేవారు. ఆ బావ చొక్కాలు చూస్తే ఇంకా ఒళ్ళు మండేది. తెల్లగా, మడత నలగకుండా, అప్పుడే ఇన్‌చార్జి అయిపోయినట్టు ఉండేవి. నాకు ఉన్నది ఒకే ఒక తెల్ల చొక్కా. కుర్చీ ఎవరికో పెద్దాయన తేల్చేదాకా అదే రోజూ వేసుకోవాలని పంతం పట్టాను. నా దురదృష్టం, ఆ వారమంతా ముసురు. బట్టలు ఆరేదెక్కడ? మిల్లులో అయితే ఆవిరితో కాగి, కాగితాన్ని ఆరబెడుతూ తిరిగే డ్రయ్యర్లు ఉన్నాయి కదా. వాటి పైన దూలానికి తాడు కట్టి, పొద్దున్నే ఉతికిన చొక్కా వేలాడదీసి, సాయంత్రం పెద్దాయన వచ్చే వేళకు తొడుక్కునేవాణ్ణి. పిండితే ముడతలు పడతాయని పిండకుండానే వేసేవాణ్ణి.

మూడో రోజుకి బావ ఒక సంగతి కనిపెట్టాడు. పొద్దున పూట కాగితం ఎడమ అంచున తడి చూపిస్తూ గీత పైకి లేస్తోందట. నా ప్రాణం లేచి వచ్చింది. యంత్రానికి పిచ్చెక్కిందని మిల్లంతా చాటింపు వేశాను. చివరికి ఆ మర్నాడు పెద్దాయన పొద్దున్నే వచ్చి, వెడల్పంతా ఒక పట్టీ చింపించి బల్ల మీద పరిపించారు. ఏం చెబుతుందో నీ చెంపనే చెప్పమను అన్నారు. అందరూ చుట్టూ మూగారు. నేను వంగి, కుడి అంచు నుంచి చెంప ఆనించుకుంటూ వచ్చాను. అంతా పొడిగా ఉంది. ఎడమ అంచుకు వచ్చేసరికి చల్లగా తగిలింది. అనుమానం లేదు, తడే. మూడేళ్ళలో నా చెంప ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాను.

“పొడిగానే ఉందండి,” అన్నాను.

బావ ఆ అంచు నుంచి చిన్న ముక్క కోసి తూచాడు, ఓవెన్‌లో ఆరబెట్టాడు, మళ్ళీ తూచాడు. బరువు బాగా తగ్గింది. పెద్దాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ నీళ్ళు ఎక్కడివో చూద్దామని బావ నిచ్చెన ఎక్కాడు. అప్పుడు గానీ నా చొక్కా నాకు గుర్తు రాలేదు. దాని జేబు మీద ఇంకు మరక ఉంది, అది నాదని మిల్లులో పిల్లికి కూడా తెలుసు. బావ కిందకు దిగి, పైనుంచి నీళ్ళు కారుతున్నాయండి, ఇప్పుడు సరిచేశాను అన్నాడు. అంతే.

మధ్యాహ్నం నా క్యారేజీ పక్కన చొక్కా పెట్టాడు. ఆరి, మడతపెట్టి ఉంది.

“మీ చెంపకి తెలిసింది కదా బావగారూ,” అన్నాడు మెల్లగా. “దాని మాట మీరే వినలేదు.”

కుర్చీ అతనికే వచ్చింది. రావాల్సిందే. కానీ నన్ను పట్టివ్వనందుకు కృతజ్ఞత కలగకపోగా, అతనికి ఆ మంచితనం కూడా ఉన్నందుకు ఇంకో ఏడాది కుళ్ళుకున్నాను.

అతను పెద్ద కంపెనీకి వెళ్ళిపోయి చాలా ఏళ్ళైంది, ఇప్పుడు ఆ కుర్చీ నాదే. (ఎడమ వెనక కాలు ఊగుతుంది.) తేమ లెక్కలు ఫోనులోకే వస్తున్నాయి. పోయిన నెల మా మిల్లులో కొత్త కెమెరాలు పెట్టించడానికి బావ వచ్చాడు. ఇప్పుడు పెద్ద ఇంజనీరు, పొట్ట కూడా వచ్చింది, చొక్కా మాత్రం నలగలేదు. అందరూ తెర చుట్టూ మూగి ఉండగా, అతను నెమ్మదిగా రోల్ దగ్గరికి నడిచి, అంచున ముక్క చించి చెంపకు ఆనించుకున్నాడు. వెనకే నేనున్నానని చూసుకోలేదు. చూశాక సిగ్గుపడి, “పొడిగానే ఉందండి,” అని నవ్వాడు.

నేనూ ఒక ముక్క చించి ఆనించుకున్నాను. గడ్డం నెరిశాక చెంపకు అంత బాగా తెలియడం లేదు గానీ, అంచున కొంచెం చల్లగానే తగిలింది.

“తడి ఉంది బావా,” అన్నాను.

అతను ఫోను తీసి చూశాడు. ఉంది. ఇద్దరం ఒకేసారి తలెత్తి పైన దూలం వైపు చూశాం.